ఎవరి ఇల్లు? ఎవరి నిబంధన?
కట్టడాల చట్టాల చరిత్రలో నర్సీపట్నం

1

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత పుట్టిన నాటికి మునిసిపాలిటీ లేదు, టౌన్‌ప్లానింగు విభాగం లేదు. ఆ మాట అన్నవాడికి తెలిసిన కష్టాలు రెండే: డబ్బు చాలకపోవడం, మేస్త్రీ మాట తప్పడం. ఈనాడు ఆ సామెతకు మూడవ ముక్క ఒకటి చేరింది: ప్లాను పాసు చేయించి చూడు! నర్సీపట్నం వంటి చిన్న ఊళ్ళో కూడా ఇల్లు కట్టదలచినవాడు ముందుగా ఎదుర్కొనేది సిమెంటు ధర కాదు, దస్తావేజు, కొలతల పటం, ఫీజు. ఇది మంచికే వచ్చిందా, చెడుకే వచ్చిందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఎందుకంటే కట్టడాల నిబంధన రెండు ముఖాల వస్తువు. ఒక ముఖం మనిషిని గోడ కింద పడి చావకుండా కాపాడుతుంది. రెండవ ముఖం ఆస్తి వున్నవాడి గోడను లేనివాడి నుంచి కాపాడుతుంది. ఏ కాలంలో ఏ ముఖం ముందుకు వచ్చింది, ఎవరి బలం వల్ల వచ్చింది అన్నదే దాని చరిత్ర.

ఆ చరిత్రను మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో చూడటం మనకు అలవాటు. ఒకసారి నర్సీపట్నం నుంచి చూద్దాం. మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట, రైలు రాని చోట వుంది ఈ ఊరు. “నర్సీపట్నం రోడ్డు” అన్న రైలు స్టేషను పేరే ఊరు స్టేషనుకు ఎంత దూరమో చెబుతుంది. బ్రిటిషు పాలనలో ఇది గొలుగొండ తాలూకా కేంద్రం. తరువాత విశాఖపట్నం జిల్లాలో రెవెన్యూ డివిజను కేంద్రం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో వుంది. మద్రాసులో, హైదరాబాదులో, అమరావతిలో రాసిన నిబంధన ఇక్కడికి వచ్చేసరికి దాని అసలు రంగు తేలిపోతుంది.

2

నిబంధనలు తెల్లదొర తెచ్చినవి కావు. గోడ కూలి ఇంటి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష విధించాలన్నాడు నాలుగు వేల సంవత్సరాల నాటి బాబిలోను రాజు హమ్మురాబి. రెండు ఇళ్ళ నడుమ ఎంత ఖాళీ వుండాలి, చూరునీళ్ళు ఎటు పడాలి, మురుగు ఎవరి వైపు పారాలి అన్న తగవులకు కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రత్యేకంగా చోటిచ్చింది. ఈనాటి “సెట్‌బ్యాకు”కు తాతముత్తాతలు వాళ్ళే.

కాగితం మీదకు ఎక్కని నిబంధనలు అంతకంటె ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లును చూడండి. గుండ్రని మట్టిగోడ, నేలకు బాగా దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలికి ఎదురొడ్డే మూల ఒక్కటీ వుండదు. గాలి దానిని చుట్టుకుని పోతుంది. ఏ ఇంజనీరూ గీయని ఈ ప్లాను కొన్ని తరాల అనుభవం గీసినది. ఎండకూ వానకూ ఓర్చే పెంకుటింటి వాలు, బాటసారి కూర్చోవడానికి వీధి అరుగు, నడుమ వెలుతురు దిగే మండువా, ఇవన్నీ మేస్త్రీ నోట, వడ్రంగి చేత నిలిచిన నిబంధనలే.

కాని గత వైభవమని మురిసిపోవడానికి వీలులేదు. అదే ఊళ్ళో అదే కాలంలో మరొక రాయని నిబంధన అమలులో వుంది. మాలపల్లి, మాదిగపల్లి ఊరికి వెలుపల వుండాలి. బావి వేరుగా వుండాలి. ఈనాడు ఇంటికీ ఇంటికీ మధ్య మీటరు ఖాళీ వదలమని చట్టం చెబితే, ఆనాడు మనిషికీ మనిషికీ మధ్య పొలాలంత ఖాళీ వదలమని ఆచారం చెప్పింది. మన దేశంలో అతి పాత సెట్‌బ్యాకు అస్పృశ్యతే! ఏ అధికారీ నోటీసు ఇవ్వకుండానే అది అమలైంది, అతిక్రమించినవాడికి అపరాధ రుసుముతో పోలేదు. అందుచేత “పూర్వం ఏ రూల్సూ లేవు, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కట్టుకున్నారు” అనే మాట, ఇష్టం వచ్చినట్టు కట్టుకోగలిగినవాళ్ళు అనే మాట మాత్రమే.

3

మద్రాసు రాష్ట్రంలో పురపాలక చట్టాలు 1865 నుంచి వరుసగా వచ్చాయి. 1884లో ఒక జిల్లా మునిసిపాలిటీల చట్టం, 1920లో దాని స్థానంలో మరొకటి, అదే 1920లో పట్టణ ప్రణాళికా చట్టం. వీటికి మాతృక ఇంగ్లండు. 1666లో లండను తగలబడిన తరువాత ఇటుకతో, రాతితోనే ఇళ్ళు కట్టాలని చట్టం వచ్చింది. కలరా కార్మికవాడల్లో పుట్టినా ధనికుల వీధులకు రాక మానదని తెలిసిన తరువాత 1875 నాటి ప్రజారోగ్య చట్టం వచ్చింది. గాలి, వెలుతురు, మురుగు పారుదల హక్కుగా రావడానికి అక్కడి కార్మికోద్యమాల ఒత్తిడీ కారణమే, పాలకుల భయమూ కారణమే.

ఆ చట్టం సముద్రం దాటి మన దగ్గరకు వచ్చేసరికి భయం మిగిలింది, హక్కు రాలిపోయింది. తాటాకు, గడ్డి, తడిక వంటి మండే సరుకుతో కప్పు వేయరాదని మునిసిపాలిటీ కట్టడి చేయవచ్చు. ఇళ్ళకు ఒక ప్రకరణం, గుడిసెలకు వేరొక ప్రకరణం. వీధిలోకి వచ్చిన అరుగు ఆక్రమణ అయింది. నిప్పు భయం నిజమైనదే. వేసవిలో ఒక పొయ్యి నుంచి లేచిన నిప్పురవ్వ పేటకు పేటను బూడిద చేయడం మన పల్లెలు ఎరిగిన సంగతే. కాని తాటాకు వేయవద్దన్న చట్టం పెంకు ఎవరిస్తారో చెప్పలేదు. పూరిపాక తప్పు అన్నది, పాకలో వున్నవాడి కూలి తప్పు అనలేదు. పైగా ఆ చట్టాలు అమలు చేసిన కౌన్సిళ్ళకు ఓటు వేసినవారు పన్ను చెల్లించే ఆస్తిపరులు మాత్రమే. గుడిసె ఎలా వుండాలో నిర్ణయించే సభలో గుడిసెవాడికి నోరు లేదు.

ఆ రోజుల్లోనే 1914-15లో పాట్రిక్ గెడ్డిస్ మద్రాసు రాష్ట్రపు పట్టణాలు తిరిగి, వీధి వెడల్పు పేరిట పాతపేటలను నేలమట్టం చేయడం తగదని వాదించాడు. చెడిన చోట మాత్రం కోసి, మిగిలిన ఒడలిని బతికించే వైద్యుడిలా పని చేయాలన్నాడు. ఆయన మాట మెచ్చుకున్నవారు చాలామంది, పాటించినవారు కొద్దిమంది.

దీనికి చాలా ముందే, 1872లో, ఎంగెల్స్ “గృహసమస్య”పై రాసిన వ్యాసాలలో ఈ రోగానికి మూలం చూపించాడు. పారిసులో హౌస్‌మన్ చేసినట్టు మురికివాడను కూలగొట్టి రాజవీధి వేస్తే మురికివాడ పోదు, మరొక చోటికి జరుగుతుందని ఆయన నిరూపించాడు. పాకను ఊరి నడుమ నుంచి తొలగించినప్పుడల్లా అది ఊరి చివర చెరువుగట్టు మీద, కాలువ పోరంబోకులో మళ్ళీ లేస్తుంది. అక్కడ దానికి “ఆక్రమణ” అనే కొత్త పేరు వస్తుంది.

4

విశాఖపట్నం, అనకాపల్లి, భీమునిపట్నం ఊళ్ళకు పందొమ్మిదవ శతాబ్దంలోనే పురపాలన వచ్చింది. గొలుగొండ తాలూకాకు ఆ భాగ్యం పట్టలేదు. అయితే ఇక్కడ ఇంటి కట్టుబడిని శాసించిన చట్టం అంతకంటె బలమైనది. అది 1882 నాటి మద్రాసు అడవుల చట్టం. నిట్రాడకు గుంజ, కప్పుకు వాసం, తడికకు వెదురు, ఇవన్నీ అడవివి. అడవికి “రిజర్వు” అని హద్దురాళ్ళు పాతిన నాడు కొండవాడి ఇంటికి ప్లాను ఎవరూ అడగలేదు. కర్రే ఇవ్వనన్నారు. నర్సీపట్నం ప్రాంతంలో తొలి కట్టడ నిబంధన ఇదే అనడంలో అతిశయోక్తి లేదు.

అదే ప్రభుత్వం తన కట్టడాలకు మాత్రం కొండవాడి ఒళ్ళు వాడుకున్నది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు మన్యంలోకి రోడ్లు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి పని చేయించాడు. అడవి చట్టం, ఆ రోడ్డు పని కలిసి రగిల్చిన మంటే అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పితూరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై దాడులు జరిగాయి. నర్సీపట్నం ప్రభుత్వ బలగాలకు స్థావరమైంది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. కట్టేవాడికీ కట్టించేవాడికీ నడుమ వున్న వైరాన్ని తుపాకి తేల్చిన సందర్భం మన చరిత్రలో ఇంతకంటె స్పష్టంగా మరొకటి కనబడదు.

5

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. 1965లో ఆంధ్ర ప్రాంతపు, తెలంగాణ ప్రాంతపు పురపాలక చట్టాల స్థానంలో ఒకే ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది. 1970లో జాతీయ భవన నిర్మాణ నియమావళి వెలువడి, 1983లో, 2005లో, 2016లో సవరణలు పొందింది. మనిషి నివసించే గది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదని, వెడల్పు 2.4 మీటర్లు వుండాలని, కప్పు 2.75 మీటర్ల ఎత్తున వుండాలని ఆ నియమావళి అన్నది. లెక్క సరైనదే. కాని ఈ నియమావళి తనంత తాను చట్టం కాదు. రాష్ట్రం తన నిబంధనల్లోకి తెచ్చుకున్నంత మేరకే దాని బలం.

నర్సీపట్నం చాలాకాలం పంచాయతీగానే వుండి, ఈ శతాబ్దపు రెండవ దశాబ్దంలో మునిసిపాలిటీ అయింది. పంచాయతీలకు 2002 నాటి లేఅవుటు, కట్టడ నిబంధనలు వున్నా, ఊళ్ళో అమలైనది చాలావరకు నోటిమాట. మునిసిపాలిటీ బోర్డు కట్టగానే పట్టణాల నిబంధనలు వచ్చి మీద పడ్డాయి. 2012 ఏప్రిల్‌లో 168 నంబరు జీవో, 2017 మార్చిలో 119 నంబరు జీవో కింద ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు. స్థలం విస్తీర్ణాన్ని బట్టి, ఇంటి ఎత్తును బట్టి, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఎంత ఖాళీ వదలాలో వీటిలో పట్టికలు వున్నాయి. పెద్ద కట్టడాల విషయంలో కట్టిన వైశాల్యంలో పదవ వంతు మునిసిపాలిటీకి తనఖా పెట్టి, ప్లాను ప్రకారం కట్టినట్టు ధ్రువపత్రం పుచ్చుకున్న తరువాతనే విడిపించుకోవాలి. ఇది మంచి నిబంధన. బిల్డరు మెడకు తాడు వేసినది ఇదొక్కటే.

అయితే మనిషి దగ్గరకు ఈ పట్టికలు ఎలా చేరతాయి? మొదట స్థలం పత్రం కావాలి. పాత ఊరిలో ఇళ్ళు గ్రామకంఠంలో వున్నాయి. గ్రామకంఠం అంతటికీ ఒకే సర్వే నంబరు. తాత కట్టిన ఇంటికి మనవడి దగ్గర పన్ను రసీదు తప్ప మరేమీ వుండదు. పత్రం లేనివాడికి ప్లాను లేదు, ప్లాను లేనివాడికి బ్యాంకు అప్పు లేదు, అప్పు లేనివాడికి వడ్డీ వ్యాపారే దిక్కు. పాత ఊళ్ళోని సన్నని స్థలంలో పాత గోడ మీదే గోడ లేపితే అది “అనధికార కట్టడం” అవుతుంది. ఊరి వెలుపల మెట్టభూమిని లేఅవుటు చేసినవాడికి మాత్రం రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకు అన్నీ సరిగ్గా కుదురుతాయి. నిబంధన ఇద్దరికీ ఒకటే. భూమి ఒకటి కాదు. సమానం కానివాళ్ళకు సమానమైన కొలబద్ద పెట్టడం కూడా ఒక పక్షపాతమే.

6

ఇక ఉల్లంఘన సంగతి. 2007 డిసెంబరులో ప్రభుత్వం కట్టడాల క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. 1985 జనవరి నుంచి ఆ డిసెంబరు దాకా ప్లానుకు విరుద్ధంగా కట్టినవాటిని అపరాధ రుసుము కట్టి సక్రమం చేసుకోవచ్చునన్నది. ఇది మొదటిసారి, ఇక మీదట లేదన్నారు. 2015లో మళ్ళీ వచ్చింది. 2019లో మళ్ళీ వచ్చింది. పార్టీలు మారాయి, పథకం మారలేదు. దీనివల్ల చిన్నవాడికి ఊరట కలిగిన మాట నిజం. కాని ఈ వరస చూసి ఎవరు ఏ పాఠం నేర్చుకున్నారు? డబ్బున్న బిల్డరు ఒక అంతస్తు అదనంగా వేసి, రేపటి రుసుమును ఈనాడే అమ్మకం ధరలో కలుపుకోవడం నేర్చుకున్నాడు. నిబంధన ప్రాణరక్షణ కోసం పుట్టినది కాబట్టి, దాని ఉల్లంఘనకు వెలకట్టడమంటే ప్రాణానికి వెలకట్టడమే. అగ్నిమాపక బండి తిరగని సందు రుసుము కట్టినంత మాత్రాన వెడల్పు కాదు.

రెండవ చివరన వున్నది కూల్చివేత. 2022 జూన్ 19, ఆదివారం తెల్లవారుజామున, నర్సీపట్నంలో ఆనాటి ప్రతిపక్షానికి చెందిన మాజీ మంత్రి చింతకాయల అయ్యన్నపాత్రుడి ఇంటి ప్రహరీని మునిసిపల్ అధికారులు యంత్రాలతో కూల్చారు. పంటకాలువ స్థలం ఆక్రమించారని అధికారులన్నారు. ఇది రాజకీయ కక్ష అని ఆ కుటుంబం అన్నది. హైకోర్టు కూల్చివేతను ఆపింది. దానికి మూడేళ్ళ ముందు, 2019 జూన్‌లో, ఉండవల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ప్రభుత్వమే కట్టిన ప్రజావేదికను నిబంధనల పేరుతో ప్రభుత్వమే కూల్చింది. ఈ తగవుల్లో ఎవరిది న్యాయమన్నది మన విషయం కాదు. గమనించవలసినది ఒక్కటే. ఏళ్ళ తరబడి నిద్రపోయిన నిబంధన ఒక తెల్లవారుజామున మేలుకుంటే, అది నిబంధనగా కాక ఆయుధంగా మేలుకున్నదేమో అన్న అనుమానం జనానికి కలగక మానదు. పేరున్నవాడికి హైకోర్టు వుంది, పత్రికలు వున్నాయి. కాలువగట్టు మీది పాకలో వున్నవాడి గోడ కూలితే దాని తేదీ కూడా ఎవరూ రాసిపెట్టరు.

7

పేదవాడికి ప్రభుత్వమే ఇల్లు ఇచ్చినప్పుడు ఈ లెక్కలు ఏమయ్యాయి? 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళస్థలాల పంపిణీలో పట్టణంలో కుటుంబానికి ఒక సెంటు, పల్లెలో సెంటున్నర ఇచ్చారు. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు, నలభై చదరపు మీటర్లు. అసలే స్థలం లేనివాడికి అది చిన్న విషయం కాదు. కాని నియమావళి చెప్పిన 9.5 చదరపు మీటర్ల గది, వంటిల్లు, స్నానాల గది, మరుగుదొడ్డి, మెట్లు అన్నీ అందులో ఇమడాలి. గాలి ఎటునుంచి వస్తుంది? పశువు వున్నవాడు పశువును ఎక్కడ కడతాడు? 2021 అక్టోబరులో హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం ఈ విస్తీర్ణం చాలదని అభ్యంతరం చెప్పింది. తరువాత ఆ తీర్పు నిలవలేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు అన్నది. ఒకటా, రెండా అని పార్టీలు వేలం పాడుతున్నాయి. మనిషి బతకడానికి ఎంత జాగా కావాలన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ఆ మనిషిని అడగడం లేదు.

ఇంతవరకు ఇంట్లో వుండేవాడి గురించి మాట్లాడాం. కట్టేవాడి మాటేమిటి? 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కట్టుబడిలో వున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. చనిపోయినవారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్ళిన కూలీలు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎండిన పొలం వదిలి, నగరంలో ఎవరి ఇంటికో పునాది తీసి, ఆ పునాదిలోనే పూడిపోయారు. ఆ భవనానికి ప్లాను లేదా? వుంది. అనుమతి లేదా? వుంది. సంతకాలు, ముద్రలు అన్నీ వున్నాయి. కాగితం మీద నిబంధన నెరవేరినంత మాత్రాన నేల మీద నెరవేరదని చెప్పడానికి ఇంతకంటె దారుణమైన సాక్ష్యం అక్కరలేదు.

1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం రెండు చట్టాలు వచ్చాయి. కట్టుబడి ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసి సంక్షేమ నిధిలో వేయాలన్నారు. ఆ నిధుల్లో పెద్ద భాగం కూలీకి చేరక మూలుగుతున్నదని సుప్రీంకోర్టే 2018లో రాష్ట్రాలను తప్పుపట్టింది. ఆ తరువాత 2020 నాటి లేబరు కోడ్‌లు ఆ చట్టాలను తమలో కలిపేసుకున్నాయి. ప్లాను పటంలో కిటికీ ఎక్కడో వుంటుంది, మెట్లు ఎక్కడో వుంటాయి. పరంజా మీద నిలబడే మనిషికి మాత్రం ఆ పటంలో గీత లేదు.

8

ఇప్పుడు నిబంధనలు మళ్ళీ మారుతున్నాయి. తెలంగాణ 2020 నాటి చట్టంతో 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు మించని ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలునన్నది. ఆంధ్రప్రదేశ్ 2025లో, బహుళ అంతస్తులు కాని నివాసాలకు లైసెన్సున్న నిపుణుల ద్వారా యజమాని తానే ధ్రువీకరించుకునే పద్ధతికి దిగింది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ, చేయి తడిపే బాధ తగ్గితే ఎవరికి చేదు? కాని జాగ్రత్తగా చూడాలి. చిన్నవాడికి సడలింపు న్యాయం. పెద్దవాడికి అదే సడలింపు ఇస్తే అది తనిఖీ నుంచి ప్రభుత్వం తప్పుకోవడం. ధ్రువీకరించే నిపుణుడికి జీతమిచ్చేది కట్టించేవాడే అయినప్పుడు అతని సంతకం ఎవరి పక్షాన నిలబడుతుంది?

ఈ విషయాన్ని ఇంజనీర్లకు, ప్లీడర్లకు వదిలేసి, అభ్యుదయవాదులం మనం పెద్ద సమస్యలే మాట్లాడుకుంటామనడం పొరపాటు. భూమి ప్రశ్న ఎంత పెద్దదో ఇల్లు అనే ప్రశ్న అంత పెద్దది, ఎందుకంటే అది భూమి ప్రశ్నే. నర్సీపట్నం వంటి ఊళ్ళో విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగలిగిన పనులు వున్నాయి. ఇంగ్లీషులో వున్న జీవోను తెలుగులో రాసి వార్డుకు ఒక ప్రతి అంటించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గ్రామకంఠంలో పత్రం లేని ఇళ్ళ జాబితా వీధివీధికీ తిరిగి తయారు చేయవచ్చు. క్రమబద్ధీకరణ రుసుము ఎవరు కట్టారు, ఎంత కట్టారు అన్నది సమాచార హక్కు కింద అడిగి బయట పెట్టవచ్చు. ఊళ్ళో పని చేసే తాపీ మేస్త్రీలను, పరంజా కూలీలను పిలిచి ఏ నిబంధన ఎక్కడ తప్పుతున్నదో వాళ్ళ నోటనే వినవచ్చు. వాళ్ళకు తెలిసినంత ఏ కమిటీకీ తెలియదు.

అడగవలసిన కోర్కెలు కూడా తేటగానే వున్నాయి. పత్రం కంటె నివాసాన్ని ముందుగా గుర్తించాలి. గాలి, నిప్పు, పునాది విషయాల్లో ఎవరికీ, ఎంత డబ్బుకూ మినహాయింపు ఇవ్వరాదు. పాకను తీయమన్న చేయి ముందుగా ఇంటిని చూపాలి. ప్లాను మీద సంతకం చేసిన ప్రతివాడూ గోడ కూలిన నాడు బోనెక్కాలి. హమ్మురాబి కోరిన తల మనకు అక్కరలేదు. అతను పట్టుకున్న సూత్రం మాత్రం కావాలి: కట్టడం ఎవరి లాభానికో, పూచీ వాళ్ళదే.